పాత మినీకి రోల్ కేజ్ – 4వ పాఠం: కాళ్లు ఎక్కడ దిగాలి

రోల్ కేజ్ అంటే కారు బోర్లా పడినా మనం కూర్చున్న గది నలగకుండా లోపల బిగించే ఉక్కు పైపుల గూడు. ఆ పైపులు ఫ్లోర్ మీద దిగే చివరలే దాని కాళ్లు. గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. కారు కింద దూరి, డోర్ కింది సిల్ నుంచి వెనక చక్రం దాకా స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లమన్నాను. ఠంగుమంటే మంచి రేకు. తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా మోగితే లోపల తుప్పు. ఆ పని చేయనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగి, అది చేసి రండి. ఈ పాఠమంతా ఆ చప్పుడు మీదే నిలబడి ఉంది.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. మన నమూనా కారు 1959లో ఇంగ్లండ్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) తెచ్చిన పాత మినీ. ఇంజన్‌ని అడ్డంగా పెట్టి, పది అడుగుల కారులో నలుగురిని కూర్చోబెట్టాడు దాని రూపకర్త ఇసిగోనిస్. మోంటీ కార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచిన బండి. కానీ ముందునుంచి దెబ్బ తగిలితే నలగడానికి దాని ముక్కులో జాగా చాలా తక్కువ. చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ, అంటే స్టీరింగ్ ర్యాక్, ఇంజన్ వెనకాలే ఉంటుంది. తొలి మోడళ్లలో స్టీరింగ్ రాడ్ మడత పడదు, నేరుగా ఛాతీ మీదికి వస్తుంది.

అందుకే చాలామంది మొదట అడిగేది, "ముందు నుంచి వెనక దాకా పైపులు వేయించేస్తే సరిపోతుంది కదా?" అని. సరిపోదు. లెక్క వేసి చూద్దాం.

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 13.9 మీటర్లు. కారు ముందుభాగం అర మీటరు నలిగి ఆగిందనుకోండి. లోపలి మనిషి మీద సగటున తన బరువుకు 20 రెట్లు పడుతుంది. 70 కిలోల మనిషిని బెల్టు 1,400 కిలోలను మోసినట్టు ఆపాలి. పావు మీటరే నలిగితే ఆ లెక్క 40 రెట్లు, అంటే 2,800 కిలోలు. మినీ ముక్కులోకి పైపులు దించి దాన్ని ఇంకా బిగదీస్తే మనం పెంచుతున్నది ఈ అంకెనే. కేజ్ దెబ్బను మింగదు. మనం కూర్చున్న గది నలగకుండా చూస్తుంది, అంతే. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారులో డాష్‌బోర్డు దాటి ముందుకు ఒక్క పైపు కూడా వద్దు.

ఇంకో చిక్కు తల. ఫుల్ కేజ్‌లో ముందు అద్దం స్తంభాల పక్కన దిగే పైపు డ్రైవర్ కణతకు జానెడు దూరంలో ఉంటుంది. ర్యాలీలో హెల్మెట్ ఉంటుంది, భుజాల మీంచి బిగించిన బెల్టులుంటాయి. కూరగాయలకు వెళ్లేటప్పుడు హెల్మెట్ ఎవరు పెట్టుకుంటారు? కొందరు ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ తెచ్చి కట్టి, పనైపోయిందనుకుంటారు. బొటనవేలితో నొక్కి చూడండి, గోరుకు కింది ఇనుము తగులుతుంది. ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) 8857-2001 ప్రమాణమున్న గట్టి ప్యాడింగ్ వేరు. అదైనా హెల్మెట్ ఉన్న తల కోసం చేసిందే. నా సలహా ఒక్కటే: రోడ్డు కారుకి సీట్ల వెనక హాఫ్ కేజ్ చాలు. అది వేశాక వెనక సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు, పిల్లల్ని అసలే వద్దు.

ఇక కాళ్లు. ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం మెయిన్ హూప్ (సీట్ల వెనక అడ్డంగా నిలిచే పెద్ద వంపు) పైపు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి, లేదంటే 50 వ్యాసం, 2 మందం. అతుకు లేని ఉక్కు పైపే వాడాలి. టార్చి వేసి లోపలికి చూడండి, పొడవునా అతుకు గీత కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. నీళ్ల పైపు ఎంత లావుదైనా పనికిరాదు. వంపు దగ్గర వెర్నియర్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. చిన్న కొలతను పెద్దదానితో భాగిస్తే 0.9కి తగ్గకూడదు. తగ్గితే ఆ పైపు వంచేటప్పుడే చదును అయిందన్నమాట.

ఆ 45 మిల్లీమీటర్ల పైపు చివర ఉన్న ఇనుము మొత్తం కలిపితే 3.3 చదరపు సెంటీమీటర్లే. దాన్ని ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఫ్లోర్ రేకు మీద నిలబెట్టి కారును బోర్లా పడేస్తే ఏమవుతుంది? మెత్తటి నేలలో గుంజ దిగినట్టు దిగిపోతుంది. అందుకే రేకుకి కనీసం 120 చదరపు సెంటీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం ప్లేట్ వేయాలి. 12కి 10 సెంటీమీటర్లు అనుకోండి. రేకు పై నుంచి కాలు, కింది నుంచి ప్లేట్, మధ్యలో కనీసం మూడు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 అంకె చెక్కి ఉండాలి. ఆ అంకె లేని బోల్టు ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టేయండి.

నా మొదటి మినీకి ఒక వర్క్‌షాపులో ఇదంతా పద్ధతిగానే చేశారు. ప్లేట్ కొలత సరిగ్గానే ఉంది, బోల్టులూ సరైనవే. ఆరు నెలలకు కార్పెట్ ఎత్తి, కాలు దిగిన చోటు పక్కన స్క్రూడ్రైవర్ మొనతో గీరాను. నల్ల సీలర్ పొరలా లేచింది, మొన సగం దాకా కిందికి పోయింది. సిల్ లోపలంతా ఎర్రటి పొడి. కొత్త ప్లేట్‌ని పాత తుప్పుకి బిగించి, పైన రంగు వేశారు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత రేకు కోయించి, కొత్తది అతికించి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

మన దేశంలో ఉన్నవాళ్లు పని మొదలుపెట్టేముందు ఆర్టీఓలో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఏ దేశంలో ఉన్నా బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

ఈ వారం పని: అట్ట ముక్కను 12కి 10 సెంటీమీటర్లు కత్తిరించి, ముందు సీటు వెనక, సిల్ పక్కన ఫ్లోర్ మీద పెట్టండి. చుట్టూ చాక్‌పీస్‌తో గీయండి. ఆ గీత లోపల, బయట రెండంగుళాల దాకా రంగు గీకి, రేకు మెరిసే వరకు శుభ్రం చేయండి. ఒక్క సూది బెజ్జం కనిపించినా ముందు వెల్డింగ్ మనిషిని పిలవండి, కేజ్ ఆర్డర్ ఆపండి. రెండు వైపులా రేకు గట్టిగా ఉంటే వచ్చే పాఠానికి సీటు పట్టాలు విప్పి ఉంచుకోండి, బెల్టు ఎక్కడ బిగించాలో చూద్దాం.