ఏరియేటర్ తిరిగితే పీహెచ్ రీడింగ్ ఊగుతోందా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకు పీహెచ్ మీటరు సొంతంగా కట్టేవాళ్లు ముందు ప్రోబ్‌ని (నీళ్లలో ముంచే సెన్సర్‌ని) అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ విద్యుత్ రొద (నాయిస్) పొడవాటి వైరు మీదుగా ఏడీసీలోకి, అంటే వోల్టేజిని అంకెగా మార్చే భాగంలోకి, దూరుతుంది.

మీటరుకి వాడే ఈఎస్‌పీ32 కంట్రోలర్ చిప్‌లో ఉన్న ఏడీసీ రెండు చివర్లా వంకరగా చదువుతుంది, దాన్ని వదిలేయండి. 16 బిట్ల విడి ఏడీసీ చిప్ ఏడీఎస్1115 పెట్టండి. 4.096 వోల్టుల రేంజిలో ఒక్కో మెట్టు 125 మైక్రోవోల్టులు. అయితే చిప్‌కి 3.3 వోల్టులిస్తే, రేంజి ఎంతున్నా ఇన్‌పుట్ 3.6 దాటకూడదు.

పీహెచ్ బోర్డు అవుట్‌పుట్‌కి వరుసలో 1 కిలోఓమ్ రెసిస్టర్, చిప్ పిన్ను పక్కనే గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. సుమారు 16 హెర్ట్జ్ పైనున్నది తగ్గుతుంది. ఇంకా నున్నగా రావాలని 100 కిలోఓమ్ వేయకండి: ఆ రేంజిలో చిప్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 6 మెగాఓమ్‌లే, రీడింగ్ 1.6 శాతం పడిపోతుంది.

ఇక అసలు కిటుకు. చిప్‌ని సెకనుకు 860 శాంపిళ్ల కంటిన్యువస్ (ఆగకుండా కొలిచే) మోడ్‌లో ఉంచి, టైమర్‌తో 2 మిల్లీసెకన్లకొకటి చొప్పున 100 రీడింగులు తీసి సగటు కట్టండి. అంటే 200 మిల్లీసెకన్లు, కరెంటుకి సరిగ్గా పది ఆవృత్తాలు. ఎగుడూ దిగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 64 లాంటి అంకె తీసుకుంటే 0.4 ఆవృత్తం మిగిలిపోయి రొద కొంత అలాగే ఉంటుంది.