రాళ్ళ బీచ్‌కి వెళ్ళేముందు గోడ మీద క్యాలెండర్ చూడండి

మన హైదరాబాద్ వాళ్ళకి సముద్రం అంటే వైజాగ్, వైజాగ్ అంటే ఆర్కే బీచ్. అక్కడ మొక్కజొన్న పొత్తు తిని, నాలుగు ఫొటోలు దిగి వచ్చేయడమే. ఈసారి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్ళి, తొట్లకొండ కింద మంగమారిపేట దగ్గర దిగండి. గులకరాళ్ళు, బండలు, సముద్రం తొలిచేసిన రాతి తోరణం, వాటి మధ్య నీటి గుంటలు, అదంతా వేరే లోకం.

కానీ ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే ఏమీ కనపడదు. మొదటిసారి నేను లీవు దొరికిందని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసి, టిఫిన్ చేసి ఆటోలో నేరుగా అక్కడికే పోతే, గుంటలూ లేవు, దిగడానికి దారీ లేదు, ఎదురుగా ఉత్త నీళ్ళే. వల బాగుచేసుకుంటున్న ఒకాయన నా మొహం చూసి, "పోటు మీదుంది బాబూ, సాయంత్రం రండి" అన్నాడు. మన ట్యాంక్‌బండ్‌లో నీళ్ళు ఎక్కడికీ పోవు కదా, మనకి ఆ ఆలోచనే రాదు.

కాబట్టి ముందు ఆటు ఎన్నింటికో చూసుకుని, తర్వాత టికెట్టు కొనండి. వైజాగ్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, టైము రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మూడు రోజులు నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, రాళ్ళు చూడాలంటే అవే మంచి రోజులు (పోటు కూడా అప్పుడే ఎక్కువ, అది మర్చిపోవద్దు). అలలు ఎలా ఉంటాయో చెప్పే ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది, సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు! వాళ్ళ సైట్‌లో అలల హెచ్చరిక ఏమైనా ఉంటే ఆ రోజు రాళ్ళ మీదకి పోకండి. ఆటుకి గంటన్నర ముందు దిగి, నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలవగానే పైకొచ్చేయాలి.

హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్న శాండల్సో, పాత కాన్వాస్ బూట్లో వేసుకోండి. పొడిగా, బూడిద రంగులో ఉన్న బండ మీద కాలు నిలుస్తుంది, పచ్చగానో తడిసి నల్లగానో ఉందంటే పాచి, జారడం ఖాయం. తెల్లటి చిన్న చిన్న గుల్లలు అతుక్కున్న రాయి జారదు గానీ అరచెయ్యి కోసేస్తుంది. అడుగు పెట్టేముందు పది నిమిషాలు ఊరికే నిలబడి అలలు ఎంతవరకు వస్తున్నాయో చూడండి. సెల్ఫీ కోసం సముద్రానికి వీపు పెట్టారో, అయిపోయారన్నమాటే.

గుంట దగ్గర కూర్చుని కదలకుండా ఐదు నిమిషాలు చూస్తే చాలు, అప్పటిదాకా ఖాళీ అనుకున్న నీళ్ళలో అన్నీ బయటికొస్తాయి: చిన్న చేపలు, పీతలు, పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్లు, ముళ్ళబంతిలాంటి సీ అర్చిన్లు. వేలు పెట్టకండి. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ అలాగే బోర్లించండి, కింద బతికేవి ఎండకి చచ్చిపోతాయి. శంఖాలు ఏరి తెచ్చుకోవద్దు, సన్యాసి పీతలకి అవే ఇళ్ళు. ఒడ్డున పాము పడి ఉంటే దూరం, సముద్రపు పాములు విషం ఉన్నవే. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇసక మీదకి వస్తాయి, ఒక్కోటి వంద దాకా పెడుతుంది. కనపడితే టార్చి, ఫ్లాష్ ఆపేసి దూరంగా ఉండండి.

నీళ్ళ ఆటలు మాత్రం రాళ్ళ దగ్గర వద్దు, వాటికి రుషికొండ ఉంది: కయాకింగ్, బోటు, జెట్ స్కీ. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాకా వచ్చేస్తే సైజు మార్చమనండి. నీళ్ళలో లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తే ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి.

స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగుకి దిగడం) చేయాలనుకుంటే మొదటిరోజే చేసేయండి. తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, ఎత్తుకి పోతే ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. మనవాళ్ళు మర్నాడు పొద్దున్నే అరకు బయల్దేరతారు చూడండి, అది కూడా 900 మీటర్ల ఎత్తు, కాబట్టి అదే లెక్క. రాత్రి రైల్లో హైదరాబాద్ వచ్చేస్తే ఆ టెన్షన్ లేదు, తడి బట్టలకి వేరే కవరు పెట్టుకుంటే చాలు.