ఆఫీసు సీట్లో మన దేవుడు: కొత్త ఉద్యోగులకు

హైదరాబాద్ తహసీల్ ఆఫీసుల్లో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. గ్రూప్-4లో ఎంపికై జూనియర్ అసిస్టెంట్లుగా చేరిన పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే: "మేడమ్, ఆఫీసులో అయ్యప్ప మాల, హిజాబ్, నమాజ్‌కు అభ్యంతరం ఉంటుందా?"

మీ ఒంటి మీదున్నది మీ ఇష్టం. ఉద్యోగంలో చేరినంత మాత్రాన రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన హక్కు పోదు. యూనిఫాం ఉన్న శాఖల్లో మాత్రం ముందుగా పైఅధికారిని అడగండి. జుమా నమాజ్‌ను లంచ్ టైంతో సర్దుకుని, మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో రాసి వెళ్లండి. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు 4 గంటలకు వెళ్లేందుకు ప్రభుత్వమే ఉత్తర్వులిస్తుంది. మిగతా పండగలకు ఆప్షనల్ సెలవులున్నాయి.

ఇక కౌంటర్ సంగతి. ఒకసారి బయటికెళ్లి, క్యూలో నిలబడి మీ సీటు వైపు చూడండి. మీ తల వెనక నిలువెత్తు దేవుడి పటం, దాని ముందు అగరుబత్తి పొగ. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన వేరే మతం ముసలాయనకు "నా పని అవుతుందా?" అన్న అనుమానం ఒక్క క్షణం కలిగినా తప్పు మనదే. పటం చిన్నది పెట్టుకోండి, మీకు మాత్రమే కనిపించేలా, టేబుల్‌కు మీవైపు. సలాం అన్నవారికి సలాం, నమస్తే అన్నవారికి నమస్తే చెప్పండి.

అసలు జాగ్రత్త కుల ధ్రువపత్రాల దగ్గర కావాలి. అక్కడ మతం గురించి అడగక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి రికార్డులు అడగండి, విచారణ చేయండి, నిబంధన ఏం చెబుతోందో మర్యాదగా వివరించండి. "ఎందుకు మారారమ్మా?" అని మాత్రం అడగకండి. చర్చికి వెళ్లేదీ గుడికి వెళ్లేదీ ఆమె సొంత విషయం. పది మంది ముందు ఆ మాట అడిగితే ఆ తల్లి ముఖం ఎలా వాడిపోతుందో నేను చూశాను. నాకు ఇప్పటికీ బాధే.

ఆయుధ పూజ చేసుకుంటే ఆఫీసు టైం మొదలయ్యేలోపే హారతి ముగించండి. జనాన్ని వరండాలో నిలబెట్టొద్దు. రానివాళ్లను ఎందుకు రాలేదని అడగొద్దు. స్టాంప్ వెండర్ల దగ్గర, కాంట్రాక్టర్ల దగ్గర చందా అసలే వద్దు. ముందస్తు అనుమతి లేని వసూళ్లను ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. ఆఫీసర్ టేబుల్ మీద చందా లిస్టు ఉంటే అటెండర్ కాదనలేడు. అందుకే ఆ లిస్టు మీ చేతికొస్తే, మీకంటే కింద పనిచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.