లద్దాఖ్ మొదటి ప్రయాణం: ముందు ఎత్తు లెక్క, తర్వాతే టికెట్లు

లద్దాఖ్ వెళ్లాలని ఏళ్లుగా అనుకుంటున్నవాళ్లు మొదట చూసేది విమానం రేట్లు. చూడాల్సింది మాత్రం ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నామనేది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంటే లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో అక్కడ దిగుతారు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి సముద్రతీరంలో ఒక్కో శ్వాసకు అందేదాంట్లో ఇక్కడ మూడింట రెండు వంతులే అందుతుంది. రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకూ ఇదే లెక్క, కండబలం ఇక్కడ పనికిరాదు. బాగానే ఉన్నాం కదా అని దిగిన రోజే తిరిగేసేదీ, రాత్రికి తలపట్టుకుని కూర్చునేదీ ఎక్కువగా వాళ్లే.

ఆ ఒత్తిడి తేడా కంటికి కనబడాలంటే లేహ్‌లో సూట్‌కేసు తెరవండి. చిప్స్ ప్యాకెట్ బంతిలా ఉబ్బి ఉంటుంది. షాంపూ సీసా మూత తిప్పగానే చివ్వున చిమ్ముతుంది. ఆవకాయ డబ్బా మూత అంచునుంచి నూనె కారి పక్కనున్న చొక్కాకు పట్టేసి ఉంటుంది. అందుకే పచ్చడిని డబ్బాలో కాకుండా గాలి మొత్తం పిండేసిన జిప్ కవర్లో పెట్టి, దాన్ని మరో కవర్లో చుట్టి, చెక్-ఇన్ లగేజీలో వేయండి. పచ్చడి తీసుకెళ్లడం మంచిదే, ఎత్తులో ఆకలి మందగిస్తుంది. పైగా నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేని చోట అన్నం పలుకుగా ఉండిపోతుంది.

మొత్తం తొమ్మిది రోజులు పెట్టుకోండి. ఆరు రోజుల ప్యాకేజీల్లో మూడో రోజుకే ప్యాంగాంగ్ సరస్సు ఒడ్డున పడుకోబెడతారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

మొదటి రెండు రోజులు లేహ్ దాటొద్దు. కింది అంతస్తులో గది అడగండి. పగలంతా పడుకోకుండా కూర్చోండి, మెల్లగా నాలుగడుగులు వేయండి. మూడు లీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు, అవి నిద్రలో శ్వాసను ఇంకా తగ్గిస్తాయి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం రాకుండా ముందుజాగ్రత్తగా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే ఇంటి దగ్గరే డాక్టర్‌ను అడగండి. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, విమానం ఎక్కే ముందురోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువసార్లు రావడం ఆ మందు గుణమే, కంగారుపడొద్దు.

మూడో రోజు పైకి కాదు, కిందికి వెళ్లండి. ఆల్చీ ఊరు దాదాపు 3,100 మీటర్లే. దారిలో నిమ్ము దగ్గర సింధు, జన్‌స్కార్ నదులు రెండు రంగుల్లో వచ్చి కలుస్తాయి. పుష్కర నదుల్లో సింధువును తాకాలనుకునే పెద్దవాళ్లుంటే లేహ్ దగ్గర షే వైపున్న సింధు ఘాట్‌కు తీసుకెళ్లండి. మంచు కరిగిన నీళ్లు కాబట్టి మునగొద్దు, దోసిలితో నెత్తిన చల్లుకుంటే చాలు.

నాలుగో, ఐదో రాత్రులు నుబ్రా లోయలోని హుందర్‌లో. పడక లేహ్ కన్నా కిందే, కానీ 5,359 మీటర్ల ఖర్దూంగ్ లా (లా అంటే కనుమ) దాటాలి. అక్కడి పాత బోర్డుల్లో ఇంకా పెద్ద అంకె ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఫొటోకు పది నిమిషాలు చాలు. పరుగెత్తొద్దు, వంగి లేచేటప్పుడు కారు పట్టుకోండి. ఆరో రోజు ష్యోక్ నది దారిలో ప్యాంగాంగ్‌కు పొద్దున్నే బయలుదేరండి. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి రోడ్డు మీది వాగులు పొంగుతాయి. ప్యాంగాంగ్ 4,250 మీటర్లు, ఈ వరుసలో అన్నిటికన్నా ఎత్తున పడుకునేది ఇక్కడే. ఒక్క రాత్రి చాలు. ఏడో రోజు చాంగ్ లా మీదుగా లేహ్‌కు తిరుగుముఖం. ఎనిమిదో రోజు ఖాళీగా ఉంచండి, ఎక్కడో ఒకచోట దారి మూసుకుపోవడం మామూలే. తొమ్మిదో రోజు తిరుగు ప్రయాణం.

తలనొప్పి, వికారం తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, తడి దగ్గు వస్తే, మాట తడబడితే, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ నేల మీద గీత వెంట పదడుగులు వేయమన్నప్పుడు తూలితే, అది రాత్రయినా సరే వెంటనే కిందికి దిగాలి, ఆసుపత్రికి వెళ్లాలి. లేహ్‌లో ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రి ఉంది. చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే వస్తుంది, దాన్ని నమ్ముకుని ముందుకు వెళ్లొద్దు.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సినవి కొన్ని. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, కనీసం కుటుంబంలో ఒకరిదైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్పించండి. లేహ్ పర్మిట్ వెబ్‌సైట్లో అప్పటి నిబంధనలు చూసి రుసుము కట్టి, రసీదు నాలుగు ప్రింట్లు తీసుకోండి. ఆధార్ అసలు కార్డు దగ్గరుంచుకోండి. నగదు లేహ్‌లోనే తీసుకోండి. తిరగడానికి లేహ్ యూనియన్ టాక్సీయే మాట్లాడుకోండి, రేట్ల పట్టిక ఉంటుంది. బైకు కావాలన్నా లేహ్‌లోనే అద్దెకు తీసుకోవాలి. ముక్కులోపల రాత్రిపూట కాస్త కొబ్బరినూనె రాసుకుంటే పొడిబారి రక్తం రాకుండా ఉంటుంది.

రోడ్డు మార్గమే కావాలంటే శ్రీనగర్, కార్గిల్ మీదుగా రెండు రోజుల్లో ఎక్కండి, శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. మనాలీ దారిలో సర్చూలో రాత్రి ఆగితే మొదట్లోనే 4,200 మీటర్లు దాటిన చోట పడుకున్నట్టు. ఆ రాత్రి జిస్పాలో పెట్టుకోండి.

లేహ్ విమానాలు వాతావరణం బాగాలేక రద్దవుతూ ఉంటాయి. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో విడిగా టికెట్ కొంటే అదే రోజుకు కొనొద్దు, మర్నాటికి కొనండి.