పల్లెలో భూ వినియోగ నిబంధనలకు లక్ష్యాలు ఎలా రాసుకోవాలి?

భూ వినియోగ నిబంధనలు రాద్దామని కూర్చున్న కమిటీలు చాలావరకు మొదటి మీటింగ్‌లోనే ప్లాట్ సైజు ఎంత, ఇల్లు రోడ్డుకి ఎన్ని అడుగుల దూరంలో ఉండాలి, షెడ్డు ఎంత ఎత్తు అనే లెక్కల్లోకి దిగిపోతాయి. ఇదంతా దేనికోసం అని ఎవరూ అడగరు. కొన్నేళ్లకు ఎవరో పెద్ద లేఅవుట్‌కి దరఖాస్తు పెడతారు, కాదనడానికి కారణం దొరకదు, సరేననడానికి మనసొప్పదు. అందుకే ముందు లక్ష్యాలు తేల్చుకోవాలి.

మొదటి పని మ్యాప్. నేల రకాలు, వాగులు, ముంపు వచ్చే పల్లం, బావులు, అడవి, రోడ్లు, ఇప్పుడున్న ఇళ్లు అన్నీ ఒకే మ్యాప్ మీద గుర్తు పెట్టండి. ఏ భూమి చెక్క ఎంత మంచిదో సాగు చేసేవాళ్లు నోటితోనే చెప్పేస్తారు, దాన్ని నేల సర్వేతో సరిచూసుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ నేలను 8 తరగతులుగా విడదీస్తుంది. 1 నుంచి 4 వరకు సాగుకు పనికొచ్చేవి, మిగతావి ఎక్కువగా మేతకో అడవికో వదిలేయాల్సినవి. ఇలాంటి వర్గీకరణ ఏదైనా సరే. మ్యాప్ వేశాక ఒకటి తెలిసొస్తుంది: చదునుగా ఉండి నీరు బాగా ఇంకే నేల పంటకీ కావాలి, ఇళ్లకీ కావాలి. గొడవంతా అక్కడే.

తర్వాత ఊళ్లో వాళ్లని కూర్చోబెట్టి ఏం కాపాడుకోవాలో అడగండి. "మన ఊరు ఇలాగే ఉండాలి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, రేపు ఒక దరఖాస్తు వస్తే దాంతో ఏమీ తేల్చలేరు. "మంచి సాగు నేల పెద్ద కమతాలుగానే ఉండాలి" అంటే తేల్చగలరు. రాసిన ప్రతి లక్ష్యాన్నీ ఈ పరీక్షకి పెట్టండి.

సాగు భూమి విషయంలో చాలామంది చేసే పొరపాటు, ప్లాట్ కనీస సైజు పెంచితే పొలాలు మిగులుతాయనుకోవడం. 100 ఎకరాల్లో 5 ఎకరాలకి ఒక ఇల్లు అని పెట్టారనుకోండి, 20 ఇళ్లు వస్తాయి, ట్రాక్టర్ తిప్పి సాగు చేసుకునే పొలం మాత్రం ఒక్కటీ మిగలదు. అవే 20 ఇళ్లు ఎకరానికొకటి చొప్పున ఒక పక్కన కట్టనిచ్చి, మిగతా 80 ఎకరాల్లో ఇక కట్టడాలు వద్దని రాతపూర్వకంగా శాశ్వత షరతు పెడితే పొలం పొలంగానే ఉంటుంది. నన్నడిగితే చిన్న ఊళ్లకి ఇదే నయం. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) 1980లో ఇంకాస్త ముందుకెళ్లింది: దాదాపు 93,000 ఎకరాలను వ్యవసాయానికి కేటాయించి, 25 ఎకరాలకి ఒక్క ఇల్లే అంది, పోయిన కట్టడ హక్కులను వేరే చోట కట్టేవాళ్లకి అమ్ముకునే వీలు భూమి యజమానులకి ఇచ్చింది. ఈ రెండో భాగం మర్చిపోకండి. చాలామంది రైతులకి భూమే పెన్షన్, దాని విలువ తగ్గించే నిబంధన పెట్టి ఊరుకుంటే మొదట ఎదురు తిరిగేది వాళ్లే, అందులో తప్పేమీ లేదు కూడా.

పొలం పక్కన ఇల్లు కట్టుకుని తెల్లవారుజామున ట్రాక్టర్ మోత, పేడ వాసన అని ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వదలాల్సిన ఖాళీ జాగా కొత్తగా వచ్చే ఇంటి వైపే వదలాలని లక్ష్యంలోనే రాసేయండి.

నీళ్ల సంగతి మీటింగుల్లో ఆలస్యంగా వస్తుంది, రావాల్సింది ముందు. మురుగు కాల్వల్లేని చోట ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంక్, పక్కనే తాగునీటి బావి. అక్కడి నేల మురుగునీటిని ఎంత బాగా ఇంకించుకుంటుందో తెలుసుకోవడానికి గుంత తవ్వి, నేలను బాగా తడిపాక మళ్లీ నీళ్లు పోసి, మట్టం ఎంతసేపట్లో ఎంత దిగుతుందో చూస్తారు. మరీ నెమ్మదిగా ఇంకితే మురుగు పైకి తేలుతుంది, మరీ వేగంగా ఇంకితే వడపోత లేకుండానే భూగర్భ జలంలో కలుస్తుంది. అంటే ఎన్ని ఇళ్లు పడతాయో చాలా చోట్ల ఆ గుంతే చెప్పేస్తుంది, కమిటీ ఓట్లతో పని లేదు.

ఖర్చు గురించి ఒక్క లక్ష్యం చాలు: దూరంగా విసిరేసినట్టు ఇళ్లు వస్తే రోడ్డు, అంబులెన్స్, స్కూల్ బస్సు అన్నీ అంత దూరం వెళ్లాలి, కాబట్టి కొత్త ఇళ్లు ఉన్న రోడ్ల దగ్గరే రావాలి.

ఇప్పుడు లక్ష్యాలకి వరస పెట్టండి, ఎందుకంటే అవి కొట్టుకుంటాయి. పొలం కాపాడాలన్నారు, ఊళ్లో పిల్లలకి అందుబాటు ధరలో ఇల్లు దొరకాలనీ అన్నారు. రెండూ ఒకే చెక్క మీద తగువు పడితే ఏది గెలవాలో మ్యాప్‌లో ఏ భాగానికి ఆ భాగం ముందే రాసిపెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఆ తర్వాతే నిబంధనలు. ప్రతి నిబంధన పక్కన అది ఏ లక్ష్యం కోసమో నంబర్ వేయండి, నంబర్ దొరకని నిబంధనని కొట్టేయండి. చివరగా పాత దరఖాస్తులు రెండు మూడు బయటికి తీసి, పేర్లు కనపడకుండా చేసి, కొత్త నిబంధనల ప్రకారం తేల్చమని వేర్వేరు సభ్యులకి ఇవ్వండి. ఒకే దరఖాస్తుకి ఒకరు ఔనని, ఇంకొకరు కాదని తేలిస్తే, ఆ లక్ష్యాన్ని మళ్లీ రాయాలి.