మీ పాన్ మీద ఎవరి లోను? క్రెడిట్ రిపోర్టు చూసేవాళ్లకు జాగ్రత్తలు

తీసుకోని అప్పు కట్టమని రికవరీ ఏజెంట్లు వెంటపడుతున్నారన్న వార్తలు మళ్లీ వస్తున్నాయి. ఓటీపీ చెప్పొద్దు, పాన్ జిరాక్సులు పంచొద్దు లాంటివి మీకు తెలిసినవే. అసలు ముంచేది వేరే: యాప్‌లో క్రెడిట్ స్కోరు చూసి, "780 ఉందిలే" అనుకుని మూసేయడం.

దొంగ లోను కిస్తీలు ఎగ్గొట్టేదాకా స్కోరు పెద్దగా కదలకపోవచ్చు. అది పడ్డాక చూడటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మీ పాన్‌తో ఎవరైనా దరఖాస్తు పెడితే, అప్పిచ్చే సంస్థ మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటుంది. ఆ జాడ ఎంక్వయిరీల భాగంలో పడుతుంది. అందుకే పూర్తి రిపోర్టు దించుకుని ముందు ఎంక్వయిరీలు చూడండి. తర్వాత ఖాతాలు, ఆపైన చిరునామాలు, ఫోన్ నంబర్లు. తెలియని పేరు కనబడగానే కంగారు వద్దు. యాప్‌లో ఏదైనా కిస్తీల మీద కొని ఉంటే, రిపోర్టులో యాప్ పేరు బదులు దాని వెనకున్న ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది.

ఈ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్: నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీయండి. అనుమానం వస్తే మాత్రం నాలుగూ ఒకేసారి తీయాల్సిందే, ఎందుకంటే ఎంక్వయిరీ ఏ బ్యూరోను అడిగారో అందులోనే కనబడుతుంది.

మీది కాని లోను కనబడిందా?

- ఒక్క కిస్తీ కూడా కట్టకండి. కడితే అది మీ లోనేనన్న వాదన వాళ్ల చేతికిచ్చినట్టే.
- బ్యూరోలో డిస్ప్యూట్ (ఈ లోను నాది కాదన్న అభ్యంతరం) వేయండి. అదే రోజు అప్పిచ్చిన సంస్థకూ రాయండి. వాళ్లు ఒప్పుకోకుండా బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు.
- దరఖాస్తు, కేవైసీ కాపీలు, డబ్బు ఏ ఖాతాలో పడిందో ఆ వివరం అడగండి. ఆ ఖాతా మీది కాకపోతే మీ చేతిలో ఉన్న పెద్ద ఆధారం అదే.
- సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు దాచుకోండి.
- డిస్ప్యూట్ వేసిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీ హక్కు. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి.
- ఏజెంటు ఫోన్‌లో ఇచ్చే హామీ చెల్లదు. రాతలో అడగండి.
- కొంత కట్టి ముగించుకోమనే సెటిల్‌మెంట్ ఒప్పుకోకండి.
- స్కోరు బాగుచేస్తామనేవాళ్లకు లాగిన్ ఇవ్వకండి.
- స్కోరు మళ్లీ పెరిగిందని ఊరుకోకండి. రిపోర్టు తెరవండి! "క్లోజ్డ్" అని ఉంటే ఆ లోను మీదేనని ఇంకా రాసి ఉన్నట్టే. ఖాతా పూర్తిగా తొలగేదాకా డిస్ప్యూట్ మళ్లీ వేయండి.