వాచ్యార్థమా, లక్ష్యార్థమా: ఉపనిషద్వాక్యం దగ్గర తేల్చుకునే పద్ధతి

ఉపనిషత్తో గీతో చదువుతుంటే ఏదో ఒక వాక్యం దగ్గర సందేహం వస్తుంది: ఉన్నదున్నట్టు తీసుకోవాలా, లోపల వేరే అర్థం ఉందా? వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకుల నియమం సూటిగా ఉంటుంది. ముందు మాటకు నేరుగా ఉన్న ముఖ్యార్థం (వాచ్యార్థం), అది పొసగకపోతేనే లక్షణ, అంటే దానికి సంబంధించిన మరో అర్థం (లక్ష్యార్థం) తీసుకోవడం. మనకు నచ్చలేదనో, ఈ కాలానికి నప్పదనో అర్థం మార్చడానికి వీల్లేదు.

పొసగలేదని తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది అన్వయం, అంటే మాటలు ఒకదానితో ఒకటి అతకడం. ‘గంగాయాం ఘోషః’, గంగలో గొల్లపల్లె ఉంది అన్నారు. ప్రవాహంలో పల్లె నిలవదు కనుక ఇక్కడ గంగ అంటే గంగ ఒడ్డు. రెండోది తాత్పర్యం, అంటే చెప్పినదాని ఉద్దేశం; చాలామంది వదిలేసేది దీన్నే. ‘కాకేభ్యో దధి రక్ష్యతామ్’, కాకుల నుంచి పెరుగు కాపాడమన్నారు. మాటకు మాట చక్కగా అతికింది, అన్వయంలో లోపం లేదు. అయినా పిల్లి వచ్చి తాగుతుంటే చూస్తూ కూర్చోమని చెప్పినవాడి ఉద్దేశం కాదు. మొదటిచోట అసలర్థాన్ని పూర్తిగా వదిలేశాం, అది జహల్లక్షణ. రెండోచోట కాకిని ఉంచుకునే పిల్లినీ కుక్కనూ కలుపుకున్నాం, అది అజహల్లక్షణ.

తాత్పర్యం ఎవరి ఊహ వారిది కాకూడదని ఆరు గుర్తులు పెట్టారు: ఉపక్రమోపసంహారాలు (మొదలు, ముగింపు), అభ్యాసం (మళ్లీ మళ్లీ చెప్పడం), అపూర్వత (మరోలా తెలియని విషయం కావడం), ఫలం (ప్రయోజనం), అర్థవాదం (పొగడ్త), ఉపపత్తి (యుక్తి). ఆచరణలో ఇలా చేయండి. సందేహం వచ్చిన వాక్యాన్ని పక్కనపెట్టి, ప్రకరణం మొత్తం ఒకసారి చదవండి. దేనితో మొదలైందో, దేనితో ముగిసిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. మళ్లీ మళ్లీ వచ్చిన మాటను లెక్కపెట్టండి. ఛాందోగ్యోపనిషత్తు 6వ అధ్యాయంలో విచారణ ‘సదేవ సోమ్య’ అని ఒకే సత్తుతో (ఉన్న వస్తువుతో) మొదలవుతుంది. ‘తత్త్వమసి’ (అది నువ్వే) 9 సార్లు వస్తుంది. ఆ సత్తుతో సంబంధం లేని వ్యాఖ్య ఎంత అందంగా ఉన్నా అక్కడ చెల్లదు. గుర్తులు ఒకటే అయినా తీర్పు ఒకటే కావాలని లేదు. ‘తత్త్వమసి’లో ముఖ్యార్థం కుదరదని శంకరుల సంప్రదాయం భాగలక్షణ చెబుతుంది, అంటే పదాల అర్థంలో కొంత వదిలి కొంత ఉంచుకుంటుంది. రెండు పదాలూ ముఖ్యార్థంలోనే కుదురుతాయని రామానుజులు సామానాధికరణ్యంతో (రెండు పదాలూ ఒకే వస్తువును చెప్పడంతో) సమర్థిస్తారు.

వాక్యం ఏ జాతిదో కూడా చూడాలి. ఫలానాది చెయ్యమనే వేదవిధిలో లక్షణ పెట్టకూడదు. ‘న విధౌ పరః శబ్దార్థః’ (విధిలో మాటకు వేరే అర్థం లేదు) అన్నది మీమాంసా భాష్యకారుడు శబరస్వామి మాట. పొగిడే అర్థవాదాన్ని మూడుగా విడదీస్తారు. ‘ఆదిత్యో యూపః’, యజ్ఞంలో నాటే యూపస్తంభం సూర్యుడే అనడం ప్రత్యక్షానికి విరుద్ధం కాబట్టి గుణవాదం (గుణాన్ని బట్టి చెప్పిన మాట); స్తంభం మెరుపును బట్టి అలా అన్నారు. ‘అగ్నిర్హిమస్య భేషజమ్’, చలికి నిప్పు మందు అనేది అందరికీ తెలిసిందే కాబట్టి అనువాదం (తెలిసినదాన్నే మళ్లీ చెప్పడం). ఇంద్రుడు వృత్రుడి మీద వజ్రమెత్తాడన్న మాటకు ప్రత్యక్షం అడ్డూ రాదు, సాక్ష్యమూ చెప్పదు, అది భూతార్థవాదం (జరిగినదాన్ని చెప్పే మాట). చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ మూడోదాన్ని మొదటిదానిలో కలిపేసి, ప్రతి కథనూ ప్రతీకగా మార్చడంలోనే.

ఇప్పుడు ఒక మంత్రం. ముండకోపనిషత్తు 3.1.1లో ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, ఒకటి తినకుండా చూస్తుంది. బ్రహ్మవిద్య చెబుతున్న చోట పక్షుల ముచ్చటకు తాత్పర్యం ఉండదు కదా. తొందరపడి వెంటనే అర్థం కట్టకండి, తర్వాతి మంత్రానికి వెళ్లండి. ‘సమానే వృక్షే పురుషో నిమగ్నః’, అదే చెట్టు మీద మునిగిపోయి దుఃఖిస్తున్నవాడు పురుషుడని అక్కడే ఉంది. రెండోవాడిని ‘ఈశమ్’, అంటే ప్రభువు, అనీ అంది. తినే పక్షి జీవుడు అనడానికి ఆధారం ఆ మంత్రమే. అక్కడితో ఆగాలి. ఆకులేమిటి, కొమ్మలేమిటి అని ప్రతిదానికీ అర్థం అంటించడం మొదలుపెడితే మంత్రం పోయి మన కల్పన మిగులుతుంది. గీత 15వ అధ్యాయంలోని అశ్వత్థం సంగతి వేరు. ఆకులు వేదాలని, చిగుళ్లు ఇంద్రియ విషయాలని శ్లోకాలే చెప్పాయి, కాబట్టి అక్కడ ఆకునూ చిగురునూ విడదీసి చదవాల్సిందే.